మరణ పడక దగ్గర ఏ ప్రార్థన? స్వస్థతా, నిరీక్షణా?

బ్రాడీపేట_యూత్: అందరికీ వందనాలు. రోగులను దర్శించే మా సంఘ బృందానికి ఒక పేజీ సూచనలు రాస్తున్నాం. ఇక మందు లేదని చెప్పి ఇంటికి పంపించేసిన విశ్వాసి దగ్గర ఏ వాక్యం చదవాలి? సగం మంది స్వస్థత వాక్యాలే అంటున్నారు, సగం మంది పునరుత్థానం గురించి చెప్పాలంటున్నారు. గుంటూరు, బెజవాడ వాళ్లు మీ పద్ధతి చెప్పండి.

ఉపదేశి_గుంటూరు: మాది లూథరన్ పద్ధతి. ముందు గదిలో జనాన్ని తగ్గించండి. 23వ కీర్తన, యోహాను 14 మొదటి మూడు వచనాలు, రోమా 8లో చివరి రెండు వచనాలు చాలు. రోగికి చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన వాక్యమే చదవాలి, ఆ స్థితిలో కొత్తది ఎక్కదు. పునరుత్థానం గురించిన 1 కొరింథీ 15 గొప్ప అధ్యాయమే, కానీ 58 వచనాలు. దాన్ని సమాధి దగ్గరికి ఉంచుకోండి. తర్వాత విశ్వాస ప్రమాణం. "శరీర పునరుత్థానమును, నిత్యజీవమును" అన్న చోట నెమ్మదిగా చెప్పండి, రోగి పెదవులు కలుపుతారు. పరలోక ప్రార్థన, ప్రభు భోజనం, దీవెన. పావుగంటలో ముగించాలి. స్వస్థత కోసం ఒక మాట అడగొచ్చు. "లేచి నడుస్తావు" అని మాత్రం చెప్పకూడదు.

జయజీవం_పటమట: ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. యాకోబు 5:14, 15 ఏం చెప్తోంది? పెద్దలు నూనె రాసి ప్రార్థించాలి, విశ్వాస ప్రార్థన రోగిని స్వస్థపరుస్తుంది. చావు జబ్బులో ఉన్న హిజ్కియా రాజు గోడ వైపు తిరిగి ఏడిస్తే దేవుడు 15 ఏళ్లు పెంచాడు (యెషయా 38). ఊపిరి ఉన్న మనిషి దగ్గర సమాధి వాక్యాలు చదవడమంటే, బతికుండగానే పెట్టె తెప్పించి పక్కన పెట్టినట్టే.

మధ్యలో_మనిషి: ఆ 15 ఏళ్లు అయ్యాక హిజ్కియా కూడా పోయాడు కదన్నా.

జయజీవం_పటమట: పోయాడు. ఆ 15 ఏళ్లే మేం అడుగుతున్నాం.

ఉపదేశి_గుంటూరు: అదే అధ్యాయం మొదటి వచనం కూడా చదవండి బ్రదర్. బతకవు, ఇల్లు చక్కబెట్టుకో అని ముందు చెప్పించాడు దేవుడు. 21వ వచనంలో యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండుకు కట్టమన్నాడు. ప్రార్థన ఉంది, మందు ఉంది, ఇల్లు చక్కబెట్టుకోవడమూ ఉంది. పౌలు తన తోటి సేవకుడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చాడు (2 తిమోతి 4:20). పౌలుకు విశ్వాసం తక్కువా?

ఇల్లు చక్కబెట్టుకోవడం గురించి యూత్ వాళ్లు ఒక లైను రాయండి. మన క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా పోతే భార్యకు మూడో వంతు, మిగతా రెండు వంతులు పిల్లలకు సమానంగా. వీలునామా రాస్తే ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి పొందేవాళ్లు గానీ, వాళ్ల భార్య లేదా భర్త గానీ సాక్షి సంతకం పెట్టారంటే వాళ్లకు రాసిన భాగం చెల్లదు. ప్రార్థనకు వెళ్లినప్పుడు ఇంట్లో కొడుకు చేతే సాక్షి సంతకం పెట్టించేస్తారు, అక్కడే చిక్కు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సంతకం పెట్టలేకపోతే వేలిముద్ర చాలు.

జయజీవం_పటమట: అంజూరపు ముద్ద మందు కాదు, సూచన. గుడ్డివాడి కళ్లకు ప్రభువు బురద రాశాడు, బురద మందా?

ఉపదేశి_గుంటూరు: బురద సంగతి యోహాను 9. నేను చెప్పింది యెషయా 38.

జయజీవం_పటమట: రెండూ ఒకటే.

మధ్యలో_మనిషి: అంజూరం దగ్గర ఆగిపోయాం, రోగి ఎదురు చూస్తున్నాడు 🙏

గుణదల_విశ్వాసి: నూనె మాట వచ్చింది కాబట్టి మా కతోలిక పద్ధతి చెప్తాను. అవస్థ అభ్యంగనం, అంటే రోగికి ఫాదర్ నూనె రాసే సంస్కారం, చావు నూనె అని మావాళ్లే భయపడి ఫాదర్‌ని ఆఖరి గంటలో పిలుస్తారు. అప్పటికి రోగి స్పృహలో ఉండడు. 1972లో ఆరో పాల్ పోప్ దాన్ని సవరించారు: పంచేంద్రియాలకు బదులు నుదుటికి, అరచేతులకు. ప్రమాదకరమైన జబ్బు మొదలైనప్పుడే తీసుకోవచ్చు, ముదిరితే మళ్లీ తీసుకోవచ్చు. ప్రాణం పోయాక చేయరు. ఆఖరిది అభ్యంగనం కాదు, దివ్యసత్ప్రసాదం (మీరు ప్రభు భోజనం అనేది). వరుస ఇదీ: పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు), అభ్యంగనం, సత్ప్రసాదం. స్వస్థత అడగడం, ప్రయాణానికి సిద్ధం చేయడం రెండూ అందులోనే ఉన్నాయి. గుణదల తిరునాళ్ల చివరి రోజు ఫిబ్రవరి 11, ప్రపంచ రోగుల దినం కూడా అదే.

అరండల్‌పేట_నర్సు: వాక్యం మీరు తేల్చుకోండి. గదిలో చేయాల్సినవి నేను చెప్తాను.

ఆక్సిజన్ పెట్టి ఉంటే కొవ్వొత్తి, అగరొత్తి వద్దు. నూనె మాస్కు దగ్గరికి రాకూడదు. నుదుటికి ఒక చుక్క చాలు, రాశాక వేళ్లు తుడుచుకుని అప్పుడు మాస్కు ముట్టుకోండి. ముఖమంతా పూసేస్తుంటారు, ఆక్సిజన్ ఉన్నచోట నూనె మంటకు దారి.

ప్రభు భోజనం ఇచ్చే ముందు తల ఎత్తి కూర్చోబెట్టి, చెంచాలో కొంచెం నీళ్లు పట్టి చూడండి. దగ్గు వచ్చినా, గొంతు తడిగా గరగరలాడినా రొట్టె ఇవ్వొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మింగగలిగితే బియ్యపు గింజంత ముక్క చాలు. మింగలేకపోతే ద్రాక్షరసంలో ముంచిన దూదిని పెదవులకు తాకించండి.

రోగి చేత ఉపవాసం చేయించొద్దు. విశ్వాసంతో మందులు ఆపమని చెప్పొద్దు. స్టెరాయిడ్, ఫిట్స్ మాత్రలు, ఇన్సులిన్ హఠాత్తుగా ఆపితే జబ్బుకంటే ముందు అదే ప్రాణం తీస్తుంది. నొప్పికి మార్ఫిన్ మాత్ర వాడుతుంటే, వేసిన అరగంట, ముప్పావు గంట తర్వాత వెళ్లండి, అప్పుడు వినే ఓపిక ఉంటుంది. స్పృహ లేదనుకున్నా వింటున్నారనే అనుకుని చెవి దగ్గర మామూలు గొంతుతో మాట్లాడండి. మైకు, డప్పు వద్దు. చివర్లో ఊపిరి ఆగి ఆగి వస్తుంది, గొంతులో గురక వస్తుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. దాన్ని దయ్యం పట్టిందని గద్దించొద్దు.

"భయంగా ఉంది" అని రోగి అంటే "విశ్వాసికి భయమేంటి" అని మూయించొద్దు. దేనికి భయమో అడగండి. నొప్పి అంటే డాక్టర్ పని. పిల్లల గురించైతే ఉపదేశిగారు చెప్పిన వీలునామా. ఒంటరిగా పోతానేమో అంటే రాత్రి కాపలా. దేవుడి తీర్పు గురించైతే అప్పుడు అయ్యగారి (పాస్టరు) పని.

ఉపదేశి_గుంటూరు: నర్సమ్మ చెప్పింది నూటికి నూరు. గెత్సేమనేలో ప్రభువే "నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది" అన్నాడు. భయం పాపం కాదు. తీర్పు భయం ఉన్నవారికి ఒప్పుకోలు చెప్పించి, క్షమాపణ మాట వినిపించాలి. ఆ ఒక్కటీ చేయకుండా నాలుగు పాటలు పాడి వచ్చేస్తారు.

ఏడవదిన_సహోదరి: చనిపోయినవారు పునరుత్థానం దాకా నిద్రలో ఉంటారు (1 థెస్స 4). "ఇప్పుడే పరలోకంలో మీ అమ్మను చూస్తావు" అని రోగికి చెప్పకండి.

ఉపదేశి_గుంటూరు: వెళ్లిపోయి క్రీస్తుతో ఉండాలని ఉందని పౌలు రాసిన ఫిలిప్పీ 1:23 మేం వేరుగా చదువుతాం సహోదరీ. పడక దగ్గర ఆ వాదన వద్దు. "క్రీస్తు చేతిలో ఉన్నావు" అనండి, మీకూ మాకూ అభ్యంతరం లేదు.

జయజీవం_పటమట: పావుగంటలో ముగించాలన్నారు. మీ పెద్ద సంఘాల సంగతి బాగా తెలుసు. చందా బాకీ ఉంటే అయ్యగారు గడప తొక్కరు. సమాధుల తోటలో ఆరడుగుల జాగాకి రసీదు పుస్తకం తెమ్మంటారు. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే వచ్చేది మా పాస్టరే. తెల్లారే దాకా కూర్చుంటాడు. పుస్తకం చూసి చదివే మీరా విశ్వాసం నేర్పేది?

ఉపదేశి_గుంటూరు: చందా మాట నిజం, సిగ్గుపడాల్సిందే. మీవాళ్లు కూర్చుంటారన్నదీ నిజం. పోయాక ఆదరణ కూడికలో ఏమంటారు? "ఈ ఇంట్లో ఎవరిదో విశ్వాసం తగ్గింది" అంటారు. రాత్రంతా సేవ చేసిన ఆ ఇంటి ఆడపిల్ల ఆ మాట నెత్తిన పెట్టుకుని బతకాలి.

జయజీవం_పటమట: అలా అనేవాళ్లని నేనూ ఖండిస్తా. అయినా ఆఖరి ఊపిరి దాకా జీవం అడగడం తప్పా?

ఉపదేశి_గుంటూరు: అడగడం తప్పు కాదు. ఇచ్చేశాడని దేవుడి తరఫున మీరు రోగికి మాటివ్వడం తప్పు. చనిపోయిన లాజరును లేపబోతూ కూడా ప్రభువు అతని అక్క మార్తతో "పునరుత్థానమును జీవమును నేనే" అన్నాడు, లాజరుకు ఇన్నేళ్లు ఆయుష్షు అనలేదు.

జయజీవం_పటమట: మాటివ్వని ప్రార్థన విశ్వాస ప్రార్థన కాదు. ఇక్కడే మనకి కుదరదు.

గుణదల_విశ్వాసి: ఇంతకీ అంజూరం కాదన్నమాట గొడవ.

బ్రాడీపేట_యూత్: నర్సు అక్క చెప్పినవన్నీ మా పేజీలో వేస్తున్నాం. "స్వస్థత అడగొచ్చు, మాటివ్వకూడదు" అనే లైను మీద కమిటీలో ఇంకా గొడవే. రాత్రి కాపలాకి మనుషులు చాలడం లేదు.

జయజీవం_పటమట: కాపలాకి మావాళ్లు వస్తారు. యాకోబు 5 చదువుతారు, ముందే చెప్తున్నా.

అరండల్‌పేట_నర్సు: చదవండి. నూనె ఒక చుక్కే.