విండోస్ ఎక్స్‌పీ ఇన్‌స్టాల్‌లో 7బి నీలి తెర: కోడ్ పట్టుకుని బాగుచేయాలా, వర్చువల్ మెషీన్‌కి మారిపోవాలా?

గవర్నర్‌పేట డీటీపీ

విజయవాడ గవర్నర్‌పేటలో మాది డీటీపీ పని. పేజ్‌మేకర్ 7లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో కూర్చిన పాత పుస్తకాలు మా దగ్గర చాలా ఉన్నాయి. ఏలూరు రోడ్డు పబ్లిషర్లు రీప్రింట్ అంటే ఇప్పటికీ ఆ ఫైలే తెరవమంటారు. యూనికోడ్‌లోకి మారిస్తే లైన్లు జరుగుతాయి, పేజీ నంబర్లు మారతాయి, ప్రూఫు మళ్లీ మొదటి పేజీ నుంచి చూడాలి. ఆ ఖర్చు ఎవరూ పెట్టుకోరు.

ఆ ఫైళ్లు తెరిచే సిస్టమ్ మదర్‌బోర్డు పోయింది. సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ బోర్డు తెప్పించి, 2 జీబీ ర్యామ్ కర్రలు రెండు, సాటా హార్డ్ డిస్క్ వేయించాం. ఎక్స్‌పీ ఎస్‌పీ3 సీడీ పెడితే మొదట్లో ఫైళ్లన్నీ లోడవుతున్నాయి. కింద "సెటప్ ఈజ్ స్టార్టింగ్ విండోస్" అని రాగానే నీలి తెర. స్టాప్ కోడ్ చివర 7బి, పక్కన బ్రాకెట్లో రెండోది సి0000034.

సర్వీస్ అబ్బాయి "ఇక దీని మీద ఎక్స్‌పీ పడదండీ, విండోస్ 10 వేసి లోపల వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ పెట్టుకోండి" అంటున్నాడు. అంటే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని (వర్చువల్ మెషీన్) నడిపే ప్రోగ్రామ్‌లో అన్నమాట. నాకున్న ఇబ్బంది ఏమిటంటే, మా ఫాంట్ల ప్యాకేజీకి ప్యారలల్ పోర్టుకి తగిలించే హార్డ్‌వేర్ లాక్ ఉంది. అది లేకపోతే ప్రోగ్రామ్ తెరుచుకోదు. వెనక ఆ ప్యారలల్ పోర్టు (ఎల్‌పీటీ) ఉందని చూసే ఈ బోర్డు కొన్నాను. ఏ దారిన పోవాలో చెప్పండి.

బ్రాడీపేట సర్వీస్

పడదని ఎవరన్నారు సార్? హెచ్61 మీద ఎక్స్‌పీ చక్కగా పడుతుంది.

7బి అంటే విండోస్ బూట్ అవ్వాల్సిన డిస్క్ దానికి అందలేదని. సెటప్ మొదటి దశలో బయోస్ (మీటనొక్కగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) సాయంతో సీడీ నుంచి ఫైళ్లు చదువుకుంటుంది. "స్టార్టింగ్ విండోస్" అన్న క్షణం నుంచి సొంత డ్రైవర్లతో నడవాలి. మీ బోర్డులో సాటా మోడ్, అంటే బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐలో ఉండి ఉంటుంది. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి పాత పద్ధతి ఐడీఈ తెలుసు గానీ కొత్తదైన ఏహెచ్‌సీఐ తెలియదు. ఎస్‌పీ3 కలిపిన సీడీలోనూ ఆ డ్రైవర్ లేదు. డిస్క్ పాడైందని గానీ బోర్డు పాడైందని గానీ ఈ కోడ్‌కి అర్థం కాదు.

బయోస్‌లోకి వెళ్లి సాటా మోడ్‌ని ఐడీఈ చేయండి. సేవ్ చేసి మళ్లీ సీడీ పెట్టండి. 7బి పోతుంది.

పటమట నెట్‌వర్క్

పోతుంది, సరే. ఆ తర్వాత? 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆపేసింది. 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వనక్రై వైరస్ వచ్చినప్పుడు పరిస్థితి చేయి దాటిందని ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ వదలాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయని అప్పుడు వార్తలొచ్చాయి. అలాంటి సిస్టమ్‌ని మీరు మళ్లీ ఆఫీసు నెట్‌వర్క్‌లో పెడతారా?

సర్వీస్ అబ్బాయి చెప్పింది సరైన మాట. వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ మెషీన్ కొత్తది చేస్తే డిస్క్ కంట్రోలర్ దానంతటదే ఐడీఈ వస్తుంది. 7బి మీరు చూడనే చూడరు. మెషీన్ మొత్తం ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకుంటే రేపు ఈ బోర్డు పోయినా ఇంకో కంప్యూటర్‌లో గంటలో నిలబడుతుంది. మీ పాత బోర్డు పోయిన రోజు ఆ ఫోల్డర్ చేతిలో ఉంటే ఈ ప్రశ్న అడిగేవారే కాదు. ఇరవయ్యేళ్ల పని పాత ఇనుము మీద ఆధారపడి ఉండటం నాకు భయంగా ఉంది, అందుకే గట్టిగా చెప్తున్నాను.

కాటా గుంటూరు

పటమట అన్నా, మీ మాట ఆఫీసు పనికి చెల్లుతుంది. మాది గుంటూరు మిర్చి యార్డుకి దగ్గర్లో లారీ కాటా. ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టులో తూకం వస్తుంది, స్లిప్పు డాట్ మ్యాట్రిక్స్‌లో పడుతుంది. వర్చువల్‌బాక్స్‌లో పెడితే సీరియల్ పోర్టు వరకు కనిపించింది, తూకం కూడా వచ్చింది. ఎల్‌పీటీ దగ్గరే ఆగిపోయింది. విండోస్ మీద వర్చువల్‌బాక్స్ ప్యారలల్ పోర్టుని లోపలికి సరిగ్గా ఇవ్వదు. ప్రింటర్‌కైతే యూఎస్‌బీ ఉన్నది కొనుక్కుని బయటపడ్డాం. హార్డ్‌వేర్ లాక్‌కి ఆ దారి లేదు. లాక్‌కి ప్రోగ్రామ్ ప్రశ్న వేస్తుంది, జవాబు సరైన టైములో రావాలి. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే కేబుళ్లు ప్రింటర్ కోసం చేసినవి, లాక్‌కి పనికిరావు. డీటీపీ గారు ఆ కేబుల్ మీద డబ్బు పెట్టకండి.

సీజన్‌లో యార్డు బయట లారీలు బారులు తీరి ఉంటే "వర్చువల్ మెషీన్ లోడవుతోంది, ఆగండి" అని డ్రైవర్‌కి చెప్పలేం.

పాత పెంటియం

బ్రాడీపేట సర్వీస్ గారు చెప్పిన ఐడీఈ చిట్కా సగమే. మన సర్వీస్ షాపుల్లో జరుగుతున్న పెద్ద తప్పు ఇక్కడే ఉంది, కాబట్టి వివరంగా రాస్తాను.

బయోస్‌లో ఐడీఈ పెట్టి ఎక్స్‌పీ వేస్తారు, బిల్లు రాస్తారు, పంపేస్తారు. సెకండ్ హ్యాండ్ బోర్డు మీద బిళ్ల బ్యాటరీ, అదే 2032, అప్పటికే సగం అయిపోయి ఉంటుంది. కొన్నాళ్లకి అది పూర్తిగా పోతుంది. ఒక రాత్రి కరెంటు తీసేస్తే బయోస్ డిఫాల్ట్‌కి వెళ్తుంది, సాటా మళ్లీ ఏహెచ్‌సీఐ అవుతుంది. తెల్లారి మీటనొక్కితే విండోస్ గుర్తు వచ్చి వెంటనే 7బి. కస్టమర్ సిస్టమ్ ఎత్తుకుని షాపుకి వస్తాడు. అక్కడ "ఓఎస్ కరప్ట్ అయింది" అని ఫార్మాట్ కొడతారు. అందులో ఉన్న ఫైళ్లన్నీ పోతాయి. నిజానికి కావాల్సింది బిళ్ల బ్యాటరీ, బయోస్‌లో ఒక్క మార్పు. కోడ్ రెండుసార్లూ ఒకటే, కానీ మొదటిసారి ఖాళీ డిస్క్, రెండోసారి ఇరవయ్యేళ్ల పని ఉన్న డిస్క్. ఎప్పుడు వచ్చిందో చూడకుండా కోడ్ మాత్రమే చూసి ఫార్మాట్ చేయడం నేరంతో సమానం.

శాశ్వతమైన దారి ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని సీడీలోనే కలపడం. సెటప్ మొదట్లో తెర కింద ఎఫ్6 నొక్కమని కొద్ది సెకన్లు వస్తుంది, డ్రైవర్ ఇవ్వడానికి అదే చోటు. కానీ అది ఫ్లాపీ అడుగుతుంది, పెన్‌డ్రైవ్ చూడదు. కాబట్టి ఎన్‌లైట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఎక్స్‌పీ సీడీ ఫోల్డర్ తెరిచి, ఇంటెల్ ఎఫ్6 డ్రైవర్‌ని టెక్స్ట్ మోడ్ డ్రైవర్‌గా (సెటప్ మొదటి దశలోనే లోడయ్యేలా) కలపండి. హెచ్61కి ఎక్స్‌పీ డ్రైవర్ ఉంది. జాబితాలో డెస్క్‌టాప్ ఏహెచ్‌సీఐ అన్నదాన్నే ఎంచుకోండి. ల్యాప్‌టాప్‌ది ఎంచుకుంటే సీడీ అంతా బాగానే తయారవుతుంది, 7బి మాత్రం అలాగే వస్తుంది. చాలామంది అక్కడే విసిగి వదిలేస్తారు.

ఇంకో మాట. బజార్లో "అన్ని డ్రైవర్లూ కలిపిన ఎక్స్‌పీ" అని డిస్కులు తిరుగుతుంటాయి. వాటిలో డ్రైవర్లతో పాటు ఇంకేం కలిపారో ఎవరికీ తెలియదు. పబ్లిషర్ల ఫైళ్లున్న సిస్టమ్‌లో అది పెట్టకండి.

బ్రాడీపేట సర్వీస్

పెంటియం గారూ, బ్యాటరీ విషయం నిజమే, నేనూ కొత్తది వేసే పంపుతాను. కానీ ఐడీఈ పెట్టి చూడమన్నది కోడ్‌కి కారణం అదేనో కాదో తేల్చుకోవడానికి. రెండు నిమిషాల్లో తేలిపోయే విషయానికి ముందే సీడీ చెక్కుతూ కూర్చోనక్కర్లేదు కదా.

గవర్నర్‌పేట డీటీపీ

ఐడీఈ పెట్టాను. 7బి పోయింది. డిస్క్ కనిపించింది, పార్టిషన్ చేశాను, ఫార్మాట్ అయింది. ఇప్పుడు ఫైళ్లు కాపీ అయ్యేటప్పుడు "సెటప్ ఈ ఫైల్‌ని కాపీ చేయలేకపోతోంది" అని ఆగుతోంది. ఎంటర్ కొడితే ఒక్కోసారి ముందుకెళ్తోంది. ఒకసారి చివరిదాకా వెళ్లి రీస్టార్ట్ అయ్యాక మళ్లీ నీలి తెర, ఈసారి కోడ్ చివర 50. సీడీ మీద గీతలేమీ లేవు.

పటమట నెట్‌వర్క్

చూశారా? ఒక కోడ్ పోతే ఇంకో కోడ్. పాత హార్డ్‌వేర్ మీద పాత ఓఎస్ అంటే దీనికి అంతు ఉండదు. మీ టైమ్‌కి విలువ లేదా సార్?

పాత పెంటియం

డీటీపీ గారూ, ఒక్క విషయం చెప్పండి. ప్రతిసారీ ఒకే ఫైల్ పేరు దగ్గర ఆగుతోందా, వేర్వేరు పేర్లా? ఒకే పేరైతే సీడీలో ఆ చోట లోపం ఉన్నట్టు, తక్కువ స్పీడ్‌లో ఇంకో సీడీ రాసుకోండి. పేరు మారుతూ ఉంటే సీడీ తప్పు కాదు. ర్యామ్‌ని, తర్వాత డేటా కేబుల్‌ని అనుమానించాలి. 50 వచ్చిందంటే నా అనుమానం ర్యామ్ మీదే. ఉండకూడని చోట మెమరీ కోసం వెతికినప్పుడు వచ్చే కోడ్ అది.

గవర్నర్‌పేట డీటీపీ

పేర్లు మారుతున్నాయండీ. ఇప్పుడే మళ్లీ చూశాను.

బ్రాడీపేట సర్వీస్

అయితే ఒక కర్ర తీసేసి ఒక్కదానితో నడపండి. తర్వాత రెండోదానితో. కాళ్లని రబ్బరుతో మెల్లగా తుడిచి, పొడి దులిపి పెట్టండి, పాత ర్యామ్‌లో సగం గోల ఆ మసితోనే. ఆ తర్వాత మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలేయండి. ఒక్క ఎర్ర లైన్ కనిపించినా ఆ కర్ర పనికిరాదు. "ఒక్కటే కదా" అని ఉంచుకోవద్దు.

మంగళగిరి సిస్టమ్స్

మధ్యలో వస్తున్నాను. ఇలాంటి చోట కొందరు ఎఫ్6 దగ్గర ఎఫ్7 నొక్కమని సలహా ఇస్తారు. అది ఏ5 కోడ్‌కి, అంటే బయోస్‌లోని ఏసీపీఐ (కరెంటు వాడకం చూసుకునే ఏర్పాటు) ఎక్స్‌పీకి పడనప్పుడు వాడేది. దానితో ఎక్స్‌పీ పడినా ప్రాసెసర్‌లో ఒక్క కోరే పనిచేస్తుంది, షట్‌డౌన్ చేస్తే కరెంటు దానంతటది ఆగదు. 7బికి గానీ 50కి గానీ ఎఫ్7కి సంబంధం లేదు. దయచేసి అన్నిటికీ ఒకే మందు రాయకండి.

గవర్నర్‌పేట డీటీపీ

రెండో కర్రలో మెమ్‌టెస్ట్ ఎర్ర లైన్లు చూపించింది, కొద్దిసేపటికే తెర నిండిపోయింది. మొదటి కర్ర రాత్రంతా శుభ్రంగా నడిచింది. 2 జీబీతోనే పెట్టాను. ఎన్‌లైట్‌లో డెస్క్‌టాప్ డ్రైవర్ కలిపిన సీడీతో ఏహెచ్‌సీఐలోనే ఎక్స్‌పీ పూర్తిగా పడింది. లాక్ తగిలించాను, ఫాంట్లు తెరుచుకున్నాయి. బ్యాటరీ కూడా మార్చాను. అందరికీ కృతజ్ఞతలు.

కాటా గుంటూరు

మంచి కబురు. పటమట అన్నా, ఇప్పుడొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆయన మీ మాట విని అదే కర్రల మీద విండోస్ 10 వేసి, దాని లోపల ఎక్స్‌పీ పెట్టి ఉంటే ఏమయ్యేది? చెడ్డ ర్యామ్ అక్కడే ఉండేది. వర్చువల్ మెషీన్ లోపలా అదే ర్యామ్. కొత్త ఓఎస్ కొన్నాళ్లు ఓర్చుకుని నడిచేదేమో, ఈలోగా పుస్తకం ఫైల్ సేవ్ చేసినప్పుడల్లా ఎక్కడో ఒక అక్షరం పాడయ్యేది. ఏ నీలి తెరా రాకుండా పాడవడం ఇంకా ప్రమాదం కదా?

పటమట నెట్‌వర్క్

కోపమెందుకు తమ్ముడూ. ఆ మాట ఒప్పుకుంటాను. ర్యామ్ చెడ్డదైతే ఏ ఓఎస్ వేసినా ఒకటే, కోడ్ చదవకుండా పక్కకి తప్పుకోమనడం సరికాదు. లాక్ విషయంలోనూ మీరు చెప్పింది నిజం.

కానీ నా అసలు మాట మీద నేను ఇంకా ఉన్నాను. డీటీపీ గారి సిస్టమ్ నడుస్తోంది, బోర్డు మాత్రం 2011 నాటి మోడల్. ఎల్‌పీటీ పోర్టున్న బోర్డులు రోజురోజుకీ తగ్గిపోతున్నాయి. లాక్ పాడైతే ఆ ఫైళ్లు ఏ ఎక్స్‌పీలోనూ ఈ ప్యాకేజీతో తెరుచుకోవు. కాబట్టి సిస్టమ్ బాగున్న ఈ నెలల్లోనే ప్రతి పుస్తకాన్నీ తెరిచి, ఫాంట్లు లోపల ఇమిడేలా ప్రింట్‌కి సిద్ధమైన పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. దిద్దుబాట్లు లేని రీప్రింట్‌కి అది చాలు. నెట్ కేబుల్ తీసేయండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే తీసుకెళ్లండి, ఆ పెన్‌డ్రైవ్‌ని ముందు కొత్త సిస్టమ్‌లో స్కాన్ చేయండి.

పాత పెంటియం

నెట్ తీసేయమన్న దగ్గర పూర్తిగా కలుస్తాను. ఒక చిన్న సవరణ: వనక్రై దెబ్బ ఎక్కువగా పడింది అప్‌డేట్ చేయని విండోస్ 7ల మీద, ఎక్స్‌పీల మీద కాదు. ఓఎస్ పాతదా కొత్తదా అన్నదాని కంటే అది దేనికి కలిపి ఉందన్నది ముఖ్యం.

డీటీపీ గారూ, పీడీఎఫ్‌లు మొదలుపెట్టే ముందు ఇంకో పని చేయండి. ఈ హార్డ్ డిస్క్‌ని క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రామ్‌తో పూర్తిగా ఇమేజ్ (మొత్తం డిస్క్ నకలు) తీసి ఇంకో డిస్క్‌లో పెట్టండి. బోర్డు మోడల్, బయోస్‌లో సాటా మోడ్, కలిపిన డ్రైవర్ పేరు ఒక కాగితం మీద రాసి కేబినెట్ లోపలి వైపు అంటించండి. రేపు దీన్ని తెరిచే సర్వీస్ అబ్బాయికి 7బి కనిపిస్తే ఫార్మాట్ కొట్టే ముందు ఆ కాగితం కనిపించాలి.

గవర్నర్‌పేట డీటీపీ

ఇమేజ్ ఈ ఆదివారం తీస్తాను. పీడీఎఫ్‌లలో కొన్నిటికి వత్తులు పక్కకి జరుగుతున్నాయి, పేజ్‌మేకర్‌లో మాత్రం సరిగ్గానే ఉన్నాయి. ఫాంట్లు ఇమడటం లేదా, ప్రింటర్ డ్రైవర్ సెట్టింగా? అది వేరే ప్రశ్న కాబట్టి వేరే చర్చ పెడతాను. పటమట గారు, పెంటియం గారు ఇద్దరూ అక్కడికి రావాలి.