ఉదయం కార్టిసాల్, జీన్ టెస్ట్: టీనేజ్ డిప్రెషన్‌ని ముందే పట్టిస్తాయా?

ప్రశ్న: తల్లికి డిప్రెషన్ ఉంటే 15 ఏళ్ల అబ్బాయికి జీన్ టెస్ట్, ఉమ్మితో కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) టెస్ట్ చేయించడం వల్ల ఉపయోగం ఉందా?

జవాబు 1: జీన్ టెస్ట్‌కి డబ్బు తగలేయకండి. సెరటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ (మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని మోసే ప్రోటీన్) జన్యువు పొట్టి రకమైతే కష్టాలకి త్వరగా కుంగిపోతారని 2003లో సంచలనం రేగింది. 2019లో లక్షలమంది డేటాతో చూస్తే నిలబడలేదు. కవలల అధ్యయనాల్లో డిప్రెషన్‌కి వారసత్వం వాటా సుమారు 37 శాతం, అదీ బోలెడన్ని జన్యువుల్లో చిల్లరగా చెదిరి ఉంది.

జవాబు 2: కార్టిసాల్ కొంత నయం. 2014 కేంబ్రిడ్జ్ అధ్యయనంలో ఉదయం కార్టిసాల్ ఎక్కువగా ఉండి, దిగులు లక్షణాలు కూడా ఉన్న అబ్బాయిలకి, రెండూ తక్కువున్నవాళ్లకంటే తీవ్ర డిప్రెషన్ ముప్పు 14 రెట్లు. అమ్మాయిల్లో 4 రెట్ల దాకానే. కానీ అది గుంపు లెక్క, ఒక్క పిల్లాడి జాతకం కాదు. పైగా శాంపిల్ ఇట్టే చెడుతుంది. లేచాక 30-45 నిమిషాలకి కార్టిసాల్ తారస్థాయికి వెళ్తుంది, లేచిన టైమ్ రాసుకోకపోతే ఆ అంకెకి అర్థం లేదు. బ్రష్ చేసి చిగుళ్ల రక్తం కలిసినా రీడింగ్ తప్పుతుంది. కనీసం మూడు నాలుగు ఉదయాలవి కావాలి.

జవాబు 3: ఆస్తమాకి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతుంటే ముందే చెప్పండి, కార్టిసాల్ తక్కువగా రావచ్చు. టెస్టులకంటే పిల్లాణ్ణి చూడండి: చిరాకు, నిద్ర తేడా, ఆటలమీద విరక్తి రెండు వారాలు వదలకపోతే సైకియాట్రిస్ట్ దగ్గరికి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.