క్లోరిన్ వేసినా నెల తిరిగేసరికి బావి నీళ్లలో మళ్లీ ఈ-కోలి

మాది ఇంటి పెరట్లోని ఒరల బావి. వ్యాసం 2 మీటర్లు, నీళ్లు 4 మీటర్ల లోతు, అంటే దాదాపు 12,500 లీటర్లు. తాగడానికి ఇదే ఆధారం.

మొదటి పరీక్షలో 100 మిల్లీలీటర్లకు ఈ-కోలి (నీళ్లలో మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) 11 వచ్చింది. తాగే నీటిలో అసలు ఉండకూడదు కదా, టెన్షన్ పడి రెండు కిలోల బ్లీచింగ్ పౌడర్ (33 శాతం క్లోరిన్ ఉన్నది) బకెట్లలో కలిపి, పైన తేరిన నీళ్లు మాత్రమే బావిలో పోశాను. పైపుల్లోకి కూడా ఎక్కించి 24 గంటలు వదిలేసి, వాసన పోయేదాకా తోడేశాం. పదో రోజు పరీక్షలో సున్నా. హమ్మయ్య అనుకున్నా. నాలుగో వారంలో రెండు రోజులు గట్టి వాన పడింది, ఆ వెంటనే చేయిస్తే మళ్లీ 6.

ఇంకోసారి అంతా మొదటి నుంచి చేశాను, ఈసారి మూత కూడా బిగించి. వాన తర్వాత అదే కథ. నైట్రేట్ (మురుగు నీళ్ల నుంచి కూడా చేరే లవణం) లీటరుకు 38 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.1. వాన పడ్డ మర్నాడు నీళ్లు కాస్త మసగ్గా ఉంటాయి. సెప్టిక్ ట్యాంకు 18 మీటర్ల దూరంలో, కొంచెం ఎగువన ఉంది. పై రెండు ఒరల అతుకుల దగ్గర తడి మరకలు కనిపిస్తున్నాయి. నా అనుమానం అతుకుల మీదే, కానీ నైట్రేట్ చూస్తే ట్యాంకునూ వదిలేయలేను.

ప్రస్తుతం కాచి తాగుతున్నాం. ఒరలు తవ్వి సిమెంటు పూయించే ముందు, కలుషితం పై అతుకుల నుంచి వస్తోందా, సెప్టిక్ ట్యాంకు నుంచా అని ఇంటి దగ్గరే తేల్చుకోవడం ఎలా?