హారన్ మోగట్లేదు, ఆదివారం సింహాచలం ఘాట్ ఎక్కాలి

లాసన్స్‌బే కాలనీ:
అందరికీ నమస్తే. నాది పదేళ్ల పెట్రోల్ కారు. నాలుగు రోజులుగా హారన్ ఒకసారి మోగితే ఒకసారి మోగేది కాదు. నిన్న మద్దిలపాలెం దగ్గర పూర్తిగా మూగబోయింది. లైట్లు, వైపర్లు, సెల్ఫ్ అన్నీ బాగానే ఉన్నాయి. మెకానిక్‌కి ఫోన్ చేస్తే బండి చూడకుండానే "హారన్లు పోయుంటాయి, జత మార్చేద్దాం" అన్నాడు. ఆదివారం అమ్మానాన్నలతో సింహాచలం కొండెక్కాలి. ఆ మలుపుల్లో హారన్ లేకుండా అంటే టెన్షన్‌గా ఉంది. ఇంట్లో నేనే చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

మర్రిపాలెం:
మీ ఒక్క బండైనా నోరు మూసుకుంది, ఊరికి అదే పదివేలు. అలాగే ఉంచేయండి గురూ!

గాజువాక:
జోకులకేం గానీ, ఘాట్‌కి అలా వెళ్లొద్దు. నిబంధనల ప్రకారం కూడా బండికి పనిచేసే హారన్ ఉండాల్సిందే. కార్ల వైరింగ్ పని చేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అప్పుడే హారన్లు కొనకండి. ముందు ఫ్యూజు చూడండి. బానెట్ కింద బాక్సు మూత మీద హారన్ బొమ్మ ఉంటుంది. మామూలుగా 10 లేదా 15 ఆంపియర్లది ఉంటుంది. పోయి ఉంటే అంతే సైజుది వేయండి. మళ్లీ పోతే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. మళ్లీ మళ్లీ పోతోందని పెద్దది వేస్తారు కొందరు, అప్పుడు ఫ్యూజు బదులు వైరు కాలుతుంది.

ఫ్యూజు బాగుంటే చెవికి పని చెప్పండి. స్టీరింగ్ మీద నొక్కే బటన్ హారన్‌కి నేరుగా కరెంటు పంపదు, రిలే అనే చిన్న స్విచ్చుని లేపుతుంది. హారన్‌కి కరెంటు ఇచ్చేది ఆ రిలే. ఇంజిన్ ఆపి, కీ ఆన్ చేసి, ఇంట్లో వాళ్లెవరినైనా బటన్ నొక్కమని, మీరు రిలే దగ్గర చెవి పెట్టండి. "టిక్" అని వినిపిస్తే బటన్ వైపు అంతా బాగున్నట్టే. టిక్ రాకపోతే రిలే గానీ, స్టీరింగ్ కింద చుట్టలా తిరిగే కేబుల్ గానీ. ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకుండా వెలుగుతున్నా, స్టీరింగ్ ఒక వైపు తిప్పినప్పుడే హారన్ మోగుతున్నా ఆ కేబుల్ మీదే అనుమానం. దాన్ని మాత్రం ఇంట్లో విప్పకండి. అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, పొరపాటున పేలితే ముఖం మీదకే. బ్యాటరీ విప్పి, కాసేపు ఆగి, తెలిసిన మనిషే చేయాలి.

లాసన్స్‌బే కాలనీ:
థాంక్స్ అన్నా. ఫ్యూజు బాగుంది. టిక్ స్పష్టంగా వస్తోంది. పక్కనే అదే నంబరు రిలే ఇంకోటి ఉంటే మార్చి కూడా చూశాను, అయినా శబ్దం లేదు. ఎయిర్‌బ్యాగ్ లైటు మామూలుగానే ఆరిపోతోంది.

గాజువాక:
మంచి పని చేశారు. టిక్ వచ్చినా లోపలి పాయింట్లు కాలిపోయి ఉండొచ్చు, అందుకే మార్చి చూడటం ముఖ్యం. ఇక తేడా రిలేకీ హారన్‌కీ మధ్యనో, ఎర్త్‌లోనో, అంటే కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగెళ్లే దారిలోనో. టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉందో లేదో చూపే చిన్న బల్బు) క్లిప్‌ను బ్యాటరీ మైనస్‌కి పెట్టి, హారన్ ప్లగ్‌లో రెండు పిన్నులనీ తాకించండి, ఆ సమయంలో బటన్ నొక్కించండి. ఏదో ఒక పిన్ను దగ్గర బల్బు వెలిగితే కరెంటు అక్కడిదాకా వస్తున్నట్టే. హారన్లు రెండూ ఒకేసారి చావడం అరుదు, అప్పుడు ఎర్తే చూడాలి.

భీమిలి:
లాసన్స్‌బే అంటే సముద్రం పక్కనే కదండీ. నాకూ ఇదే జరిగింది. ఉప్పుగాలికి ప్లగ్‌లో పచ్చగా చిలుము పట్టింది, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు కింద తుప్పు. బయటికి చూస్తే వైరు కొత్తదిలా ఉంది. ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త వాజ్‌లైన్ రాశాను, అంతే.

లాసన్స్‌బే కాలనీ:
దొరికింది! బల్బు వెలిగింది. బంపర్ వెనక నల్ల వైరు బోల్టు విప్పితే తుప్పు పొడిలా రాలింది. రుద్ది బిగించగానే మోగింది. కానీ ఒక్కటే, బొంగురు గొంతుది. సన్నగా కూసేది ఇంకా మూగగానే ఉంది.

గాజువాక:
రెండూ సమాంతరంగా కలిపి ఉంటాయి, ఒకటి పోయినా రెండోది మోగుతుంది. మోగనిదాని ప్లగ్ తీసి, ఫ్యూజున్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడండి. అప్పుడూ పలకకపోతే అదొక్కటే మార్చండి, జత అక్కర్లేదు. పలికితే దాని ప్లగ్ కూడా శుభ్రం చేయాలి. ప్రెషర్ వాష్ చేయించారా ఈ మధ్య? నోరు పైకి తిరిగి ఉంటే నీళ్లు లోపల నిలుస్తాయి. కిందికి తిప్పి బిగించండి.

మర్రిపాలెం:
పనిలో పనిగా లారీ హారన్ పెట్టించేయండి!

గాజువాక:
రాగాలు తీసే హారన్లు నిషేధం బాబూ. అనవసరంగా కొడితే మోటారు వాహనాల చట్టం 194ఎఫ్ కింద మొదటిసారికే 1000 రూపాయలు.

లాసన్స్‌బే కాలనీ:
నేరుగా కరెంటు ఇచ్చినా పలకలేదు, విప్పి వంచితే నీళ్లు కారాయి. ఆదివారానికి బొంగురుదే దిక్కు. రెండోది వచ్చే వారం కొంటాను.