న్యూయార్క్ మెక్‌సోర్లీస్ బార్‌కి అక్కనీ బావగారినీ తీసుకెళ్ళొచ్చా?

జెర్సీ గోదారోడు:

అందరికీ నమస్తే. వచ్చే నెల మా అక్కా బావగారూ హైదరాబాద్ నుంచి వస్తున్నారు. బావగారికి లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్ ఇవేవీ పట్టవు. ఎక్కడ చదివారో గానీ ఈస్ట్ విలేజ్‌లో మెక్‌సోర్లీస్ అని 1854 నాటి బార్ ఉందట, అబ్రహాం లింకన్ కూడా వచ్చి తాగాడట, ఫోన్ చేసినప్పుడల్లా అదే పాట. నేను ఇన్నేళ్ళుగా జెర్సీ సిటీలో ఉంటున్నా ఆ గుమ్మం తొక్కలేదు. ఫోటోల్లో చూస్తే నేల నిండా రంపపు పొట్టు, గోడల మీద దుమ్ము, మన వైన్ షాపు పక్కన పర్మిట్ రూమే నయం అనిపిస్తోంది. అక్క తాగదు, పైగా శనివారం నీచు ముట్టదు. ఆడవాళ్ళు కూర్చునేలా ఉంటుందా? అసలు నిజంగా చూడదగ్గదేనా, లేక టూరిస్టుల కోసం వేసిన వేషమా? వెళ్ళినవాళ్ళు చెప్పండి.

ఏడో వీధి కాపు:

అన్నా, తప్పకుండా తీసుకెళ్ళు, కాకపోతే శుక్ర, శని రాత్రుళ్ళు మాత్రం వద్దు. బయట లైను, లోపల కాలేజీ కుర్రాళ్ళ గోల, బావగారికి గోడ కూడా కనబడదు. మార్చిలో ఐరిష్ వాళ్ళ పండగ సెయింట్ పాట్రిక్స్ డే రోజైతే ఆ వీధి వైపే వెళ్ళకు. పని రోజుల్లో మధ్యాహ్నం రెండు మూడింటికి వెళ్తే కిటికీ పక్క బల్ల దొరుకుతుంది. చలికాలమైతే పాత ఇనప పొయ్యి వెలుగుతూ ఉంటుంది, దాని దగ్గర కూర్చోండి.

ముందే చెప్పి ఉంచు, అక్కడ విస్కీ, పెగ్గు అని అడిగితే లేదంటారు. ఉన్నది వాళ్ళ ఏల్ అనే ఒక రకం బీరు ఒక్కటే, అందులో లైట్, డార్క్ అని రెండు రకాలు. ఒకటి అడిగినా రెండు మగ్గులు తెచ్చి పెడతారు, అదే వాళ్ళ పద్ధతి. మగ్గులు చిన్నవేలే, సగం నురగే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. నాకైతే డార్క్ నచ్చుతుంది. స్టఫ్ కింద చీజ్ ప్లేటు చెప్పు, చెడ్డర్ చీజ్, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, ఉప్పు బిస్కట్లు వస్తాయి, బల్ల మీద ఆవాల ముద్ద ఉంటుంది. అది ఘాటు మామూలుగా ఉండదు, ముక్కులోంచి పొగ వస్తుంది, మనవాళ్ళకి మాత్రం తెగ నచ్చుతుంది. ఇందులో నీచు ఏమీ లేదు కాబట్టి అక్కకి శనివారమైనా పర్వాలేదు. నేను వెళ్ళినప్పుడు కార్డు తీసుకోలేదు, నగదు జేబులో పెట్టుకో, రౌండుకి ఒకటో రెండో డాలర్లు టిప్పు వదులు.

చూడదగ్గది మందు కాదు, గోడలు. బార్ పైన వేలాడే పాత దీపం మీద టర్కీ కోడి విష్‌బోన్లు, అంటే ఛాతీ దగ్గరి చీలిక ఎముకలు, ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్తూ కుర్రాళ్ళు అక్కడ తగిలించారట, తిరిగొచ్చినవాళ్ళు ఎవరిది వాళ్ళు తీసేసుకున్నారు, మిగిలినవి రానివాళ్ళవి. వాటి మీద దశాబ్దాల దుమ్ము బూజులా వేలాడుతుండేది, 2011లో ఆరోగ్య శాఖ ఒత్తిడి పెడితే యజమాని మాథ్యూ మాహర్ వేరే ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే దింపి దులిపాడు. ఆయన 2020లో పోయాడు.

ఎడిసన్ పిల్ల:

ఆడవాళ్ళు కూర్చోవచ్చా అని అడిగారు చూడండి, ఈ బార్ విషయంలో ఆ ప్రశ్న మీద కోర్టు కేసే నడిచింది! "మంచి ఏల్, పచ్చి ఉల్లిపాయలు, ఆడవాళ్ళు ఉండరు" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. 1969లో ఫెయిత్ సైడెన్‌బర్గ్, కారెన్ డిక్రో అనే ఇద్దరు లోపలికెళ్తే మందు పొయ్యలేదు, వాళ్ళు కేసు వేసి గెలిచారు. 1970 ఆగస్టులో నగరం చట్టం కూడా తెచ్చాక తలుపులు తెరవక తప్పలేదు. ఆడవాళ్ళకి వేరే టాయిలెట్ కట్టడానికి ఇంకో పదహారేళ్ళు పట్టింది, అంతవరకూ ఉన్న ఒక్కదానితోనే సర్దుకోవాలి.

ఇందులో విచిత్రం ఏంటంటే, ఆడవాళ్ళని రానివ్వని ఆ రోజుల్లో బార్ ఓనరే ఒక ఆడమనిషి. డొరోతీ కిర్వాన్‌కి 1939లో నాన్న నుంచి వచ్చింది, ఆడవాళ్ళని రానివ్వనని ఆయనకి మాటిచ్చింది కాబట్టి తనూ బార్ నడిచే వేళ లోపలికి వచ్చేది కాదు, ఆదివారం మూసేశాకే వచ్చేది. 1970లో కొడుకు మొదటి మగ్గు నువ్వే తాగమ్మా అంటే కూడా ఒప్పుకోలేదు! నాకైతే ఆవిడ మీద కోపం రావాలో జాలి పడాలో తెలియదు. మేము ఆడవాళ్ళం నలుగురం కలిసి వెళ్ళాం, ఎవరూ వింతగా చూడలేదు. సోడా ఇస్తారు, అక్కగారికి బోర్ కొడితే గోడల మీద పాత పేపర్ కటింగులు చదువుకోవచ్చు.

అనుమానం అప్పారావు:

అంతా బాగుంది గానీ బావగారితో 1854 అని గట్టిగా వాదించొద్దు. ఐర్లాండ్ నుంచి వలసొచ్చిన జాన్ మెక్‌సోర్లీ పెట్టాడన్నంత వరకూ గొడవ లేదు, ఎప్పుడన్న దగ్గరే పేచీ. పాత పన్ను రికార్డులు, మ్యాపులు తిరగేసినవాళ్ళు 1860, 61 ప్రాంతంలో ఆ స్థలం ఖాళీగా ఉందని, బార్ ఆ తర్వాతే వచ్చి ఉంటుందని అంటారు. లింకన్ కథ ఇక్కడే ఇరుక్కుంటుంది. ఆయన 1860 ఫిబ్రవరి 27న పక్కనే ఉన్న కూపర్ యూనియన్ అనే కాలేజీలో ప్రసంగించిన మాట నిజం, అక్కడి నుంచి బార్‌కి నడిచి రెండు మూడు నిమిషాలు. ప్రసంగం అయ్యాక ఇటొచ్చాడన్నది వాళ్ళ మాట, అప్పటికి బార్ ఉంటే కదా రావడానికి! అందుకని ముందు ఆ కూపర్ యూనియన్ హాలు ఉన్న భవనం చూపించు, అది అనుమానం లేని చరిత్ర. పాతకాలం ఇంద్రజాలికుడు హుడినీవి అంటూ బేడీలు బార్ కింద రాడ్డుకి తగిలించి ఉంటాయి, వాటి సంగతీ ఇంచుమించు ఇంతే. మద్య నిషేధం ఉన్న 1920 నుంచి 1933 వరకూ కూడా "నియర్ బీర్" (మత్తు దాదాపు లేని బీరు) పేరుతో నడిచిందంటారు, ఇది మాత్రం నమ్మొచ్చు.

జెర్సీ గోదారోడు:

అందరికీ థ్యాంక్స్. అప్పారావు గారూ, మీ మాట బావగారికి ఫార్వర్డ్ చేశా, ఇప్పుడు ఆయన పన్ను రికార్డులు ఎక్కడ దొరుకుతాయి అని మొదలెట్టారు. పాత్ రైలులో వస్తే ఎక్కడ దిగాలి? బావగారికి అరవై దాటాయి, ఐడీ అడుగుతారా?

ఏడో వీధి కాపు:

తొమ్మిదో వీధి స్టేషన్‌లో దిగి తూర్పుకి నడిస్తే ఇరవై నిమిషాల లోపే. మోకాళ్ళ నొప్పి ఉంటే సబ్‌వేలో ఆస్టర్ ప్లేస్ దగ్గర దిగండి, అక్కడి నుంచి చాలా దగ్గర. ఐడీకి పాస్‌పోర్ట్ పెట్టుకోండి, నెరిసిన జుట్టు చూసి వదిలేస్తారులే అనుకోవద్దు, మన ఇండియా లైసెన్స్ చూసి తల అడ్డంగా ఊపిన బార్లు చాలా ఉన్నాయి. తాగాక ఆకలేస్తే ఒక వీధి కిందకి, ఆరో వీధిలో పాత ఇండియన్ హోటళ్ళు కొన్ని ఉన్నాయి, వాటిలో చాలావరకు నడిపేది బంగ్లాదేశ్ వాళ్ళు. మన కారం ఆశించకుండా వెళ్ళు.