షుగర్ మాత్రలు ఆపేసి కొర్రలతో సరిపెట్టుకోవచ్చా?

గోదారోడు: మా నాన్నగారికి 58. పోయిన నెల పరగడుపున షుగర్ 168, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.1 వచ్చింది. డాక్టరు మెట్‌ఫార్మిన్ రాశారు. కొన్నాళ్లు వేసుకుని, కడుపులో గడబిడగా ఉందని ఆపేసి కొర్రన్నం మొదలుపెట్టారు. ఇది చాలుతుందా?

నల్గొండ మాస్టారు: నిక్షేపంగా చాలుతుంది. మాత్ర మొదలుపెడితే జీవితాంతం మింగాలి, చివరికి కిడ్నీలు పోతాయి. మా తమ్ముడు ఏళ్ల తరబడి మింగాడు, ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పాలమూరు పిల్ల: కిడ్నీలను తినేది అదుపులో లేని షుగరూ, బీపీ. మెట్‌ఫార్మిన్ కాదు మాస్టారూ. కిడ్నీ పనితీరు బాగా పడిపోయాక, అంటే కిడ్నీ వడపోతని కొలిచే ఈజీఎఫ్ఆర్ 30 కంటే దిగాక ఆ మాత్ర ఆపిస్తారు, దాంతో జనం మాత్ర వల్లే పోయాయనుకుంటారు. గోదారోడు గారూ, గడబిడకి మాత్ర ఆపేయక్కర్లేదు, భోజనంతో వేసుకుంటే చాలామందికి సర్దుకుంటుంది, నెమ్మదిగా కరిగే రకం కూడా ఉంది, డాక్టర్ని అడగండి.

బియ్యం బాబు: కొర్రలెందుకండీ, తెలంగాణ సోనా ఉందిగా. ఆర్ఎన్ఆర్ 15048 రకం బియ్యం. గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక షుగర్ పెంచే వేగం, తక్కువ.

పాలమూరు పిల్ల: తక్కువే, కానీ రెండోసారి మారు వడ్డించుకుంటే ఏ బియ్యమైనా ఒకటే. కొర్రల్లో కూడా వంద గ్రాములకి 60 గ్రాముల దాకా పిండిపదార్థమే ఉంటుంది.

బియ్యం బాబు: పీచు సంగతి మరిచిపోయారు.

అట్లాంటా అన్న: బ్రిటన్‌లో డైరెక్ట్ అని ఒక పరీక్ష జరిగింది, 2017లో ఫలితాలు వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వాళ్లకి మందులు ఆపి, మూడు నుంచి ఐదు నెలలు రోజుకి సుమారు 850 కేలరీలే ఇచ్చారు. ఏడాదికి దాదాపు సగం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది.

నల్గొండ మాస్టారు: చూశారా! నేను మొత్తుకునేది ఇదే!

అట్లాంటా అన్న: అది డాక్టర్ల కనుసన్నల్లో, కిలోలకి కిలోలు బరువు తగ్గిన వాళ్ల సంగతి మాస్టారూ. కొర్రలు తిన్నవాళ్ల సంగతి కాదు.

పాలమూరు పిల్ల: మీ తమ్ముడుగారు ఏనాడైనా సరిగ్గా పరీక్షలు చేయించుకున్నారా?

నల్గొండ మాస్టారు: నోరు జాగ్రత్తమ్మా! వాడు ఒక్క నెల తప్పలేదు. పొద్దున్నే వెళ్లి టోకెన్ తీసుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంటే, ఆ డాక్టరు తల కూడా ఎత్తకుండా పాత చీటీ మీదే ‘రిపీట్’ అని గీకి పంపేవాడు. ఆ చీటీలన్నీ నా దగ్గరున్నాయి, కాళ్ల వాపు వచ్చేదాకా ఒక్కదాని మీదా మూత్రం పరీక్ష లేదు. వాడు అడిగితే ‘డాక్టరు నువ్వా నేనా’ అన్నాడు. అలాంటి చేత్తో రాసిన మాత్రని నన్ను నమ్మమంటారా?

పాలమూరు పిల్ల: ఈ ముక్క మొదటే చెప్పాల్సింది సార్. మీ కోపం ఆ డాక్టరు మీద. దానికి వీళ్ల నాన్నగారి మాత్ర మాన్పిస్తే ఎలా? ఏడాదికోసారి కళ్లు, పాదాలు, కిడ్నీ పరీక్షలు రాయని డాక్టర్ని మార్చమనండి.

గోదారోడు: సోమవారం వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. ఆ మూత్రం పరీక్ష పేరేంటి?

నల్గొండ మాస్టారు: యూరిన్ ఏసీఆర్, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూసేది. రాయకపోతే అడిగి రాయించుకో బాబూ, కదలకు అక్కణ్నుంచి. మాత్ర సంగతి మాత్రం నేను ఒప్పుకోను.