సొంత క్లినిక్ ఉన్న డెంటిస్టు ఆర్మీ రిజర్వ్‌లో చేరితే ఎలా ఉంటుంది?

క్లినిక్_ఓనర్:
అందరికీ నమస్కారం. అమెరికాలో డీడీఎస్ (డెంటిస్టు డిగ్రీ) చేశాను, సిటిజన్‌షిప్ వచ్చింది, సొంత క్లినిక్ నడుపుతున్నాను. ఆర్మీ రిజర్వ్‌లో (సొంత పని చేసుకుంటూనే పార్ట్‌టైమ్‌గా పనిచేసే సైనిక విభాగం) డెంటల్ ఆఫీసర్‌గా చేరాలని ఎప్పటినుంచో మనసులో ఉంది, బతుకునిచ్చిన దేశానికి నాకు చేతనైన పని చేయాలని. రిక్రూటర్‌ని అడిగితే నెలకో వీకెండ్, ఏడాదికి రెండు వారాలు, అంతే అంటున్నారు. మా ఆవిడ టెన్షనంతా డిప్లాయ్‌మెంట్ గురించే, అంటే సైన్యం పిలిచి దూరంగా డ్యూటీకి పంపడం గురించి. నేను వెళ్తే పేషెంట్లు, స్టాఫ్ జీతాలు, క్లినిక్ లోను ఏమవుతాయి? లోపల ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

రిజర్వ్_డెంటల్:
వీకెండ్లతో పెద్ద ఇబ్బంది లేదండి, డ్రిల్ (ఆ వీకెండ్ శిక్షణ) తేదీలు ముందే తెలుస్తాయి కాబట్టి అపాయింట్‌మెంట్లు సర్దుకోవచ్చు. మీ ఆవిడ అడిగిందే అసలు ప్రశ్న. ఆర్మీ రిజర్వ్‌లో డాక్టర్లకూ డెంటిస్టులకూ 90 రోజుల రొటేషన్ పద్ధతి ఉంది, అంటే ఒక్కో విడతకి 90 రోజులకే పంపుతారు. నెలల తరబడి పిలిస్తే సొంత ప్రాక్టీసులు దెబ్బతిని, ఉన్నవాళ్లు కూడా మానేస్తారనే పెట్టారు. అయితే 90 రోజులు అక్కడ ఉండేవి మాత్రమే, ముందు శిక్షణ, వచ్చాక కాగితాల పని కలిపితే నాలుగు నెలలు క్లినిక్‌కి దూరమవుతారని లెక్క వేసుకోండి.

ఇంకో సంగతి, డ్రిల్‌లో క్రౌన్లు, ఇంప్లాంట్లు చేస్తూ కూర్చుంటామనుకోవద్దు. ఎక్కువగా పరీక్షలే. ఒక్కో సైనికుడి నోరు చూసి 1 నుంచి 4 వరకూ ఒక క్లాస్ ఇస్తాం. 3 అంటే 12 నెలల్లోపు ఎమర్జెన్సీ తెచ్చేలా ఉన్న పన్ను ఉందని, 4 అంటే ఏడాదికోసారి చేయాల్సిన పరీక్ష జరగలేదని. మామూలుగా వీళ్లను డిప్లాయ్‌మెంట్‌కి పంపరు. చూడ్డానికి ఇది చిన్న పనిలా ఉంటుంది గానీ, ఎక్కడో మారుమూల పోస్టులో ఒకడికి చీము పట్టి దవడ వాస్తే వాడిని వెనక్కి తేవడానికి వెళ్లే వాళ్లందరి ప్రాణాలూ రోడ్డు మీద ఉంటాయి. ఆ పన్నుని నెలల ముందే పట్టుకునేది మనమే. నాకైతే అందుకే ఈ పని మీద గౌరవం.

లీజు_లోను:
చాలామంది పొరబడే చోటు ఒకటుంది. యుసెరా అని 1994 చట్టం ఉద్యోగుల కోసం, మీరు తిరిగొచ్చాక మీ ఉద్యోగం మీకివ్వాలని అది యజమానిని కట్టడి చేస్తుంది. యజమాని మీరే అయితే ఎవరిని కట్టడి చేస్తుంది? మీ దగ్గర జీతానికి పనిచేసే డెంటిస్టు (అసోసియేట్) రిజర్విస్టు అయితే మాత్రం ఆయన ఉద్యోగాన్ని కాపాడాల్సింది మీరు.

మీకు పనికొచ్చేది సర్వీస్‌మెంబర్స్ సివిల్ రిలీఫ్ యాక్ట్. యాక్టివ్ డ్యూటీకి (పూర్తికాల సైనిక విధులకి) ముందు మీ పేరున తీసుకున్న అప్పు మీద, డ్యూటీలో ఉన్నంత కాలం వడ్డీ 6 శాతం దాటకూడదు, కానీ ఆర్డర్లు జతచేసి రాతపూర్వకంగా మీరే అడగాలి. మొబిలైజ్ చేసినప్పుడు (డ్యూటీకి పిలిచినప్పుడు) మాల్‌ప్రాక్టీస్ (చికిత్సలో పొరపాటు కేసుల) ఇన్సూరెన్స్ ప్రీమియం ఆపించుకునే వీలు కూడా ఇదే చట్టంలో ఉంది. మరి క్లినిక్ లోను మీ పేరున కాక ఎల్‌ఎల్‌సీ (మీ కంపెనీ) పేరున ఉంటే? ఆ 6 శాతం వర్తిస్తుందని నమ్ముకోకండి, సంతకం పెట్టకముందే లాయర్‌కి చూపించండి.

మేజర్_భార్య:
మా ఆయన వెళ్లినప్పుడు క్లినిక్ మూయలేదండి. పక్క ఊళ్లోని ఒక డెంటిస్టుతో ముందే ఒప్పందం రాసుకున్నాం, వారానికి ఎన్ని రోజులు వస్తారు, వసూళ్లలో ఎవరికెంత, సగంలో ఉన్న రూట్ కెనాల్స్ ఎవరు పూర్తి చేస్తారు, అన్నీ కాగితం మీద. హైజిన్ (పళ్లు శుభ్రం చేసే) అపాయింట్‌మెంట్లు నడుస్తుంటే స్టాఫ్ జీతాలకి కొంత ఆసరా. పిల్లలున్న ఇంటికి ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ అనే రిజర్విస్టుల హెల్త్ ఇన్సూరెన్స్ పెద్ద ధైర్యం, మాలాంటి సొంత ప్రాక్టీసు వాళ్లకి మరీను. కానీ ఆ నాలుగు నెలలూ స్టాఫ్ గొడవలు, అద్దె, బ్యాంకు ఫోన్లు అన్నీ మా మీదే పడతాయి. మీ ఆవిడ సరేనంటేనే చేరండి, దయచేసి.

క్లినిక్_ఓనర్:
అందరికీ చాలా థ్యాంక్స్. మా లోను ఎల్‌ఎల్‌సీ పేరునే ఉంది, ముందు అదే తేల్చుకుంటాను. ఒకసారి చేరితే ఎన్నేళ్లు?

రిజర్వ్_డెంటల్:
మొత్తం బాధ్యత సాధారణంగా 8 ఏళ్లు. అందులో కొన్నేళ్లు డ్రిల్ చేస్తారు, మిగతాది ఇండివిడ్యువల్ రెడీ రిజర్వ్‌లో ఉండొచ్చు, డ్రిల్ ఉండదు గానీ అవసరమైతే పిలవొచ్చు. పెన్షన్ కావాలంటే ఏడాదికి కనీసం 50 పాయింట్ల (డ్రిల్, డ్యూటీ లాంటి వాటికి లెక్కేసేవి) చొప్పున 20 ఏళ్లు, డబ్బు మామూలుగా 60వ ఏట మొదలవుతుంది. బోనస్, స్టూడెంట్ లోన్ రీపేమెంట్ లాంటివి తీసుకుంటే వాటి వెనక విడిగా సర్వీసు షరతు ఉంటుంది, రిక్రూటర్ నోటితో చెప్పినది కాంట్రాక్టులో అక్షరాలా ఉందో లేదో చూసుకోండి.